దిద్దిన మాట

మా మేనల్లుడు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పండక్కీ పబ్బానికీ ఫోటోలు పంపేవాడు కాస్తా, మొన్న వేసవిలో ఉన్నట్టుండి ఒక పాట పంపాడు. పాట అంటే గొంతుతో పాడింది కాదు, వాద్యం. “మావయ్యా, నువ్వు జానపదం చదువుకున్నవాడివి కదా, ఇది విని ఎలా ఉందో చెప్పు” అని కింద ఒక ముక్క రాశాడు. రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని పెట్టాను. లోపల గిన్నెలు సర్దుకుంటున్న మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, “ఎవరండీ ఆ ఏడుపు?” అంది. రెండు నిమిషాలు నిలబడి విన్నది. తరవాత తనే వచ్చి పక్కన కూర్చుని, “మళ్ళీ పెట్టండి” అంది.

ఆ వాయించిన మనిషి పేరు షేమస్ ఎనిస్. ఐర్లండు దేశస్థుడు. ఆ రాత్రి మొదలు ఆయన్ని గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చిత్రమేమంటే, చదువుతున్నకొద్దీ నాకు మా మేనత్త జ్ఞాపకం రాసాగింది. ఎక్కడి ఎనిస్, ఎక్కడి మా అత్తయ్య! ఆ సంగతి తరవాత మనవి చేస్తాను.

ముందు ఆ వాద్యం మాట. దాన్ని ఇలిన్ పైప్స్ అంటారు. వాళ్ళ భాషలో ఆ మొదటి మాటకు మోచెయ్యి అని అర్థం. మన వీధి భాగవతాల్లో శ్రుతి కోసం మేకతోలు తిత్తి ఊదుతారే, ఆ జాతిదే ఇదీను. అయితే దీన్ని నోటితో ఊదరు. కుర్చీలో కూర్చుని, ఒక మోచేతి కింద కొలిమితిత్తి వంటి చిన్న తిత్తితో గాలి కొడుతూ, రెండో మోచేత్తో తోలుసంచీని నొక్కుతూ, వేళ్ళతో ఒక గొట్టం మీద రాగం పలికిస్తారు. శ్రుతి గొట్టాలు మూడు. అవి చాలవన్నట్టు, మణికట్టుతో మీటలు నొక్కి పలికించే గొట్టాలు ఇంకొన్ని. ఏడేళ్ళు నేర్చుకుని, ఏడేళ్ళు సాధన చేసి, ఏడేళ్ళు వాయిస్తే గాని మనిషి వాద్యగాడు కాడని అక్కడ సామెత. మన సంగీతం మేష్టర్లు వింటే ఎంతో సంతోషిస్తారు.

ఎనిస్ 1919 మే 5వ తేదీన డబ్లిన్‌కు ఉత్తరాన ఫింగ్లస్ దగ్గర పుట్టాడు. తండ్రి సర్కారు ఉద్యోగి, ఆ వాద్యంలో గట్టివాడు. 1908లో లండన్‌లో ఒక తాకట్టు దుకాణంలో గోనెసంచీలో వేసిన ముక్కలుగా ఆ వాద్యాన్ని కొన్నాడనీ, తరవాత బాగుచేయించుకున్నాడనీ చెబుతారు. కొడుకు చెవికి ఉగ్గుపాలతోనే ఆ నాదం పట్టింది. 1938లో ఆ యింటి స్నేహితుడు నడిపే అచ్చాఫీసులో ఎనిస్ పనికి కుదిరాడు. అక్కడ పాటల పుస్తకాలు వేసేవారు. విన్న రాగాన్ని విన్నట్టే కాగితం మీద పెట్టే విద్య ఆయనకు అక్కడే అబ్బింది. యుద్ధం వచ్చి, కాగితానికి కరువొచ్చి, 1942లో ఆ పని పోయింది.

పోయిన పనే ఆయన్ని దారిలో పెట్టింది. ఐర్లండులో 1845లో మొదలైన బంగాళాదుంపల కరువుకు సుమారు పది లక్షలమంది చచ్చిపోయారు. అంతకు తక్కువ కాకుండా ఓడలెక్కి వెళ్ళిపోయారు. పోయినవాళ్ళతో పాటు భాషా, పాటా కూడా చాలా మట్టుకు పోయాయి. మిగిలిందాన్నయినా రాసి ఉంచుదామని 1935లో ప్రభుత్వంవారు జానపద సంఘం ఒకటి పెట్టారు. ఆ సంఘం ఎనిస్‌కు వారానికి 3 పౌన్ల జీతమిచ్చి, ఒక కలం, కొంత కాగితం, ఒక సైకిలు చేతిలో పెట్టి పల్లెల మీదికి పంపింది. ఇరవైమూడేళ్ళ కుర్రాడు. పొడుగాటి మనిషి, పొడుగాటి వేళ్ళు.

ఐదేళ్ళు తిరిగాడు. పడమటి సముద్రపుటొడ్డున, కానెమారాలో, కార్నా దగ్గర కోలమ్ కీన్ అనే రైతు ఉండేవాడు. పేదవాడు. కాస్త పొలం, కాస్త చేపల వేట. ఆ ఒక్క మనిషి నోటినుంచి ఎనిస్ 212 పాటలూ రాగాలూ రాసుకున్నాడు! ఎలా సాధ్యమయింది? వెళ్ళినవాడు ఎదురుగా కాగితం పరుచుకుని, “ఊఁ, పాడు” అనలేదు. పనిలో చెయ్యి కలిపాడు. పొయ్యి దగ్గర కూర్చుని కబుర్లాడాడు. ముందు తను వాయించాడు. పాట ఇచ్చి పాట తీసుకున్నాడు. ఏ ప్రాంతానికి వెళితే ఆ ప్రాంతపు యాస పట్టుకున్నాడు. పాడినవాడు ఎలా పలికితే అలాగే రాసుకున్నాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. ఆనాటి దినచర్య పుస్తకం 2007లో ఐరిష్ భాషలోనూ, 2009లో ఇంగ్లీషులోనూ అచ్చయింది.

1947లో డబ్లిన్ రేడియోలో చేరాడు. 1951లో లండన్ బి.బి.సి. వారు పిలిచారు. పల్లెపాటల కార్యక్రమంతో అక్కడ పేరు మోగిపోయింది. 1958లో ఆ కొలువూ అయిపోయింది. తరవాతి రోజులు అంత సుఖంగా సాగలేదు. స్థిరమైన జీతం లేదు. చివరికి తను పుట్టిన ప్రాంతానికే తిరిగివచ్చి, నాల్ అనే ఊళ్ళో చక్రాల బండి ఇంట్లో కాపురం ఉన్నాడు. 1982 అక్టోబరు 5న, అరవైమూడో ఏట పోయాడు. తండ్రి వాయించిన ఆ వాద్యాన్ని, తన దగ్గర విద్య అందుకున్న లియమ్ ఓ ఫ్లిన్‌కు ఇచ్చిపోయాడు. ఇప్పుడు ఆ ఊళ్ళో ఆయన పేర ఒక కళాకేంద్రం ఉంది. 2017లో ఆ వాద్యకళను యునెస్కోవారు మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చారు.

ఇక మా అత్తయ్య సంగతి.

మా మేనత్తగారి ఊరు అమలాపురం దగ్గర. ఊడ్పుల పాటలూ, దంపుళ్ళ పాటలూ, అప్పగింతల పాటలూ ఆవిడకు రానివి లేవు. ఇరవైయేళ్ళ కిందట నేను ఎమ్మే అయి, పరిశోధన పత్రం తలపెట్టి, టేపురికార్డరు చంకన పెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ బస్సు. పీట మీద ఆవిడ్ని కూర్చోబెట్టి, మైకు ముందు పెట్టి, “కానీ అత్తయ్యా” అన్నాను. పాపం, గొంతు సవరించుకుని ఊడ్పుల పాట ఒకటి ఎత్తుకుంది. రెండో చరణంలో ఏదో మాట వచ్చింది. నేనెప్పుడూ వినని మాట. నిఘంటువులో లేని మాట. చదువుకున్నవాణ్ణి కదా, ఊరుకుంటానా? రికార్డరు ఆపేశాను.

“అది తప్పు అత్తయ్యా. సెలయేరు అనాలి.”

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. “అలాగేం నాయనా” అని, మళ్ళీ మొదటినుంచి, సెలయేరు అనే పాడింది. ఆ పాట మాత్రమే పాడింది. “ఇంక చాల్లేరా, తలనొప్పిగా ఉంది” అని లేచిపోయింది. నా పరిశోధన పత్రంలో ఆ పాట శుద్ధంగా, నిర్దోషంగా అచ్చయింది. అందుకు నన్ను మెచ్చుకున్నారు కూడాను.

ఎనిస్ చరిత్ర చదివాక నాకు నిద్ర పట్టలేదు. కోనసీమలో సెలయేరేమిటి? కాలువలూ, బోదెలూ తప్ప అక్కడ కొండ ఏదీ, ఏరు దూకేది ఎక్కడినుంచీ? ఆవిడ అన్నది ఏ పంటబోదె పేరో, ఏ గట్టు పేరో అయివుండాలి.

మొన్న సంక్రాంతికి వారం సెలవు పెట్టి వెళ్ళాను. అత్తయ్యకు ఎనభైరెండేళ్ళు. ఈసారి టేపురికార్డరు లేదు, తొందరా లేదు. పెరట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కన కూర్చున్నాను. చిన్నప్పుడు ఆవిడ నన్ను నిద్రపుచ్చిన పాటే, నా కర్ణకఠోరమైన గొంతుతో మొదలుపెట్టాను. బోసినోటితో పకపకా నవ్వింది. “ఓరి నీ యిల్లు బంగారంగానూ! అలాక్కాదురా, ఇలా” అంది. ఆ పూట నాలుగు పాటలు, మర్నాడు ఆరు. నేను తప్పు పాడితే ఆవిడ దిద్దేది. నేను దిద్దించుకుని రాసుకునేవాణ్ణి.

నాలుగో రోజున ఆ ఊడ్పుల పాట ఎత్తుకుంది. నా గుండె దడదడలాడింది. రెండో చరణం వచ్చింది. సెలయేరు అంది.

“అత్తయ్యా, ఇక్కడ పూర్వం నువ్వు వేరే మాట అనేదానివి.”

“నువ్వే కదురా తప్పన్నావు! అప్పట్నించీ ఇలాగే పాడుతున్నాను. కోడళ్ళకీ ఇలాగే నేర్పాను.”

“అసలు మాటేమిటి అత్తయ్యా?”

చేతిలో చిక్కుడుకాయ పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. రెండుసార్లు పాట మొదటినుంచి ఎత్తుకుని, ఆ చోటికి వచ్చి ఆగిపోయింది. నాలికమీద సెలయేరే ఉంది. ఊళ్ళో ఆవిడ ఈడువాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ ఇళ్ళకూ వెళ్ళి అడిగాను. వాళ్ళకు ఆ పాటే గుర్తు లేదు. నాకా, నేను దిద్దిన మాటే జ్ఞాపకం గాని, దిద్దించుకున్న మాట జ్ఞాపకం లేదు.

నోటుపుస్తకంలో ఆ పాట రాసి, ఆ మాట ఉండవలసిన చోట ఖాళీ వదిలాను. పక్కన, “ఇక్కడి మాట పోగొట్టినవాణ్ణి నేను” అని రాసి సంతకం పెట్టాను. ఈ ఏడు జానపద సాహిత్యం పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ముందుగా ఆ పేజీనే చూపించాను.

బస్సెక్కే వేళ అత్తయ్య వీధి అరుగుదాకా వచ్చింది. నా మొహం చూసి ఏమనుకుందో, భుజం తట్టి నెమ్మదిగా అంది:

“పోనీలేరా. సెలయేరే బావుంది.”