లేక్ లేనియర్ రేవులో మా పంటు

అట్లాంటా మనవాళ్ళకి లేక్ లేనియర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరికి ఈశాన్యంగా గంట ప్రయాణం. చట్టాహూచీ నది మీద ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వారు 1950లలో బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టినప్పుడు ఏర్పడిన జలాశయం ఇది. విస్తీర్ణం సుమారు 38 వేల ఎకరాలు. దీనికి సిడ్నీ లేనియర్ అనే జార్జియా కవి పేరు పెట్టారు. 1996 ఒలింపిక్స్‌లో పడవ పందేలు జరిగిందీ ఇక్కడే.

అయితే ఒడ్డున దుప్పటి పరుచుకుని పులిహోర తినడం వేరు, సొంత పడవని నీళ్ళలో దింపడం వేరు. ఆ తేడా నాకు రెండేళ్ళ క్రితం జూన్‌లో ఒక శనివారం తెలిసొచ్చింది.

నేనూ, మా స్నేహితుడూ కలిసి ఒక పాత పాంటూన్ బోటు కొన్నాం. రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద చదునైన డెక్, చుట్టూ రెయిలింగు, లోపల సోఫాలు, పైన పందిరిలా గుడ్డ కప్పు. 22 అడుగుల పొడవు, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు. మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి అప్పటికి నెల. పగలంతా టీవీ ముందు కూర్చుని "ఇక్కడ నాకేం పనుందిరా, టికెట్టు ముందుకి జరపరాదూ?" అంటున్నారు. డ్రైవ్‌వేలో బోటు చూడగానే మాత్రం ఆయన మొహం వెలిగింది. "ఒరే, ఇది మన పంటేరా!" అన్నారు. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి దాటించే పంటు ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోజూ ఎక్కిందే.

మేం వెళ్ళిన పబ్లిక్ ర్యాంపు చాలా చిన్నది. ఒక్క బండి పట్టే దారి, అటూ ఇటూ చెట్లు, పక్కన సన్నటి చెక్క డాకు. నేను రివర్స్ మొదలుపెట్టగానే ట్రెయిలర్ కుడికి పోయింది. కంగారుగా తిప్పితే ఎడమకి మడత పడింది. మూడోసారికి మా వెనక ఆరు బళ్ళు. ఎవరో హారన్ కొట్టారు. ఏసీ నడుస్తున్నా నాకు చెమటలు. వెనక సీట్లో మా అమ్మాయి "డాడీ, ఇంటికెళ్ళిపోదామా?" అంది.

అప్పుడు వెనక ట్రక్కులోంచి ఒక పెద్దాయన దిగొచ్చాడు. తిడతాడనుకున్నాను. "స్టీరింగ్‌ని కింద పట్టుకో. ట్రెయిలర్ ఎటు పోవాలో చేతిని అటే జరుపు. వంకర పోతే ముందుకెళ్ళి సరిచేసుకుని మళ్ళీ రా" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: "ర్యాంపు మీద పని రెండు నిమిషాలే. మిగతాదంతా పార్కింగ్ లాట్‌లో చేసుకోవాలి."

సిగ్గుపడుతూనే పక్కకి తప్పుకున్నాం. కూలర్లు, సామాన్లు బోటులోకి ఎక్కించాం. వెనక బిగించిన పట్టీలు విప్పాం, ముందున్న వించ్ పట్టీని మాత్రం ఉంచాం. అది ముందే విప్పితే వాలు మీద బోటు జారి కాంక్రీటు మీద పడొచ్చు. ముందొకటి, వెనకొకటి తాళ్ళు కట్టాం. పిల్లలకి లైఫ్ జాకెట్లు తొడిగాం. జార్జియాలో కదిలే పడవలో 13 ఏళ్ళ లోపు పిల్లలకి అది తప్పనిసరి.

రెండోసారి చెయ్యి కిందే ఉంచి, నత్తలా వెనక్కి వచ్చాను. ఈసారి ట్రెయిలర్ మాట వింది. బోటు తేలగానే వించ్ పట్టీ విప్పి, నేను బండి ముందుకి తీశాను. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. పాంటూన్ నీటి మీద తేలికగా తేలుతుంది, పైగా ఆ రెయిలింగూ కప్పూ తెరచాపలా గాలిని పట్టేస్తాయి. బోటు వెనక భాగం పక్కనున్న రాళ్ళ వైపు తిరగసాగింది. డాకు మీదున్న మా స్నేహితుడి అబ్బాయి భయంతో తాడుని చేతికి చుట్టేసుకున్నాడు.

"చేతికి చుట్టకు బాబూ, వేళ్ళు తెగిపోతాయి!" అని నాన్నగారు గట్టిగా అరిచారు. ఆ తాడు విడిపించి, డాకు మీది ఇనప కొక్కేనికి ఒకటిన్నర చుట్టు వేసి, కొస పట్టుకుని నిదానంగా బిగించారు. బరువంతా కొక్కెం మీద పడింది. బోటు బుద్ధిగా డాకు పక్కకి వచ్చి ఆగింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, పంచె మోకాళ్ళ దాకా తడిసింది. ట్రక్కు పెద్దాయన ఆయనకి బొటనవేలెత్తి చూపించాడు.

"ఎక్కడ నేర్చుకున్నారు నాన్నా?" అంటే "నలభై ఏళ్ళు పంటు కట్టేవాళ్ళని చూడలేదూ!" అన్నారు. ఆ వేసవి మళ్ళీ టికెట్టు మాట ఎత్తలేదు. శుక్రవారం సాయంత్రమే తాళ్ళు ఆరేసి చుట్టలు చుట్టి పెట్టేవారు.

కొత్తగా బోటు కొనేవారికి నా మనవి ఒక్కటే. ముందు ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఒక పూట రివర్స్ సాధన చెయ్యండి. మొదటిసారి శనివారం కాకుండా, వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళండి. ఎవరైనా సాయానికొస్తే మొహమాటపడకండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వెంట తీసుకెళ్ళండి.

నాన్నగారు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నారు. ఆదివారం ఫోన్ చేస్తే ముందు మా ఆరోగ్యాలు అడిగేవారు. ఇప్పుడు మొదటి ప్రశ్న వేరు: "పంటు దింపారా?"