ఏ కంపెనీ టీవీ కొనాలి?

షాబాన్ మాసం మొదటి వారంలో మా ఇంట్లోని పాత టీవీ ఆగిపోయింది. బాగుచేసే అతను వచ్చి చూసి, తెర పోయిందని, కొత్త తెర వేయించే ఖర్చుకు మరికొంత కలిపితే కొత్త టీవీయే వస్తుందని చెప్పి వెళ్లాడు. మా అమ్మీజాన్ గారికి ఎనభై రెండేళ్లు. మోకాళ్ల నొప్పులతో గది దాటడమే కష్టం. రమజాన్ రాత్రులలో తన నమాజు తాను చదువుకొని, ఆ తర్వాత మక్కా హరమ్ నుంచి ప్రత్యక్షంగా వచ్చే తరావీహ్ పారాయణం వింటూ కూర్చోవడం కొన్నేళ్లుగా ఆమెకు అలవాటు. అక్కడి సమయానికీ మన సమయానికీ రెండున్నర గంటల తేడా ఉన్నందున అది మనకు అర్ధరాత్రి దాటేవరకూ సాగుతుంది. ఆమె అంతవరకూ మేల్కొనే ఉంటారు. కనుక రమజాన్ నెలవంక కనిపించేలోపు కొత్త టీవీ తేవాలని నిర్ణయించాము. అసలు టీవీ ఇంట్లో ఉండవచ్చునా అనే చర్చలోకి ఇక్కడ వెళ్లడం లేదు. ఉన్న ఇళ్లలో దానిని ఎలా కొంటున్నామన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

కొనాలన్న నిర్ణయానికి ఒక్క పూట పట్టింది. ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్న మాత్రం వారం రోజులు తేలలేదు. మా పెద్దబ్బాయి సోనీ తప్ప మరొకటి వద్దన్నాడు. చిన్నవాడు శాంసంగ్ పక్షం వహించాడు. అల్లుడు ఫోనులో, షావోమీ గానీ టీసీఎల్ గానీ తీసుకుంటే అదే కొలత తెర చాలా తక్కువ ధరకు వస్తుందని సలహా ఇచ్చాడు. ఊళ్లో సర్వీసు సెంటరు ఉన్న కంపెనీ ఏదైనా చాలునని మా శ్రీమతి అన్నారు. మూడో రోజు రాత్రి దస్తర్‌ఖాన్ వద్ద మాట పెరిగింది. "డబ్బు ఇచ్చేది నేను. ఏది తేవాలో నేను చూసుకుంటాను" అన్నాడు పెద్దవాడు. చిన్నవాడికి ఇంకా స్థిరమైన ఉద్యోగం లేదు. చేతిలోని ముద్దను పళ్లెంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అన్నదమ్ముల మధ్య సలాము తప్ప మరో మాట లేదు. టీవీ ఇంకా ఇంటికి రాకముందే కలహం వచ్చి కూర్చుంది.

తన తెగ కాబట్టి న్యాయమైనా అన్యాయమైనా దాని పక్షమే వహించడాన్ని 'అసబియ్యత్' అంటారని, ఇస్లాం దానిని ఖండించిందని తరగతిలో ఎన్నోసార్లు చెప్పి ఉంటాము. ఔస్, ఖజ్రజ్ తెగల పేర్లు చెప్పి పాఠం ముగించేవాళ్లము. మనకు వాటా లేని, మన పేరైనా తెలియని కంపెనీల కోసం సొంత తమ్ముని మనసు నొప్పించడం కూడా ఆ కోవలోకే వస్తుందని అంతవరకూ మాకు తోచలేదు.

మా చిన్నతనంలో ఇన్ని పేర్లు లేవు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా మన దేశంలో రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు, మన ప్రాంతంలో గొప్పగా చెప్పుకొనేది హైదరాబాదు ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ. ఒనిడా కూడా వచ్చింది. కొమ్ములు, తోక ఉన్న ఒక దయ్యం ఆకారం దాని ప్రకటనలో కనిపించేది. ఈ టీవీ మీ ఇంట్లో ఉంటే మీకు గర్వం, పొరుగువారికి అసూయ అన్నది దాని సారాంశం. ఆ బొమ్మను చూసి మా తండ్రిగారు, "అసూయను అమ్మేవాడు కొమ్ములు దాచుకోకుండా వచ్చాడు, నయమే" అన్నారు. నేటి ప్రకటనల్లో కొమ్ములు కనబడవు. నవ్వే పిల్లలు, విశాలమైన హాలు, తెల్లని సోఫా కనబడతాయి. అమ్ముతున్న సరుకు మాత్రం చాలావరకు అదే.

ఆ శుక్రవారం జుమా తర్వాత పెద్దవాణ్ణి వెంటబెట్టుకొని దుకాణానికి వెళ్లాము. చిన్నవాడు రానన్నాడు. గోడ నిండా టీవీలు. ఒకదానిలో నెమలి, ఒకదానిలో సముద్రం, మరొకదానిలో కోసిన దానిమ్మ. ఆ రంగులు చూసి మేము కూడా కాసేపు నిలబడిపోయాము. ముప్పై వేలు మించరాదని ఇంట్లో అనుకున్న మాట, 55 అంగుళాల తెర ముందు నిలిచేసరికి మెత్తబడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి పెద్దది తీసుకుంటేనే లాభమని అక్కడి బోర్డు చెబుతోంది. పన్ను తగ్గితే ధర తగ్గుతుంది, నిజమే. అవసరం పెరగదు కదా అన్న ఆలోచన ఆ క్షణంలో మాకు రాలేదు.

అంతలో "అస్సలాము అలైకుమ్, ఉస్తాద్" అంటూ ఒక యువకుడు వచ్చాడు. మా మదరసాలో నాలుగేళ్లు చదివి, ఇంటి పరిస్థితుల వల్ల మధ్యలో మానేసిన విద్యార్థి. ఒంటిపై ఒక కంపెనీ పేరున్న చొక్కా. అతని జీతం ఇచ్చేది ఆ దుకాణం కాదని, ఆ కంపెనీ అని చెప్పాడు. కొనేవారిని తన కంపెనీ టీవీ వైపు మళ్లించడమే అతని పని.

"బేటా, ఈ రంగులు మా ఇంట్లోనూ ఇలాగే ఉంటాయా?" అని అడిగాము.

అతడు చుట్టూ చూశాడు. రిమోటు తీసుకొని ఏదో నొక్కాడు. దానిమ్మ ఎరుపు ఒక్కసారిగా తగ్గి, మన ఇంటి దానిమ్మలా మామూలుగా కనబడింది. దుకాణంలో వెలుగు, రంగులు గరిష్ఠ స్థాయిలో ఉండే అమరిక ఒకటి ఉంటుందని, ఇంట్లో పెట్టుకొనే అమరిక వేరని, పైగా అక్కడ తిరుగుతున్న దృశ్యాలన్నీ కంపెనీలు ప్రదర్శన కోసమే తయారుచేసుకున్నవని వివరించాడు.

మేము కొన్ని క్షణాలు మాట్లాడలేకపోయాము. అమ్మబోయే ఒంటెనో మేకనో కొన్ని రోజులు పాలు పితకకుండా ఉంచి, నిండిన పొదుగును చూపి అమ్మడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా మోసపోయిన వానికి మూడు రోజుల లోపు పశువును తిరిగి ఇచ్చే అవకాశం ఉందన్న హదీసును ఇరవై ఏళ్లకు పైగా పాఠంగా చెబుతున్నాము. 'ముసర్రాత్' అనే ఆ పదానికి అర్థం, దానిపై ఇమాముల అభిప్రాయభేదాలు కంఠస్థం. కానీ నిండిన పొదుగు మా కళ్లెదుట గోడకు వేలాడుతున్నప్పుడు గుర్తుపట్టలేకపోయాము. ఎదుట నిలిచిన ఈ అబ్బాయికీ ఆ పాఠం మేమే చెప్పాము.

"అడిగినవారికి నిజం చెబుతాను, ఉస్తాద్. అడగనివారికి చెప్పను. నెలకు ఇన్ని అమ్మాలని లెక్క ఉంది" అన్నాడు, తల వంచుకొని. అతణ్ణి మందలించే ధైర్యం మాకు కలుగలేదు. ఇలాంటి చోట నిలబడి ధర్మసమ్మతంగా ఎలా సంపాదించాలో మేము ఏనాడూ నేర్పలేదు. ఒంటె దగ్గరే పాఠం ఆపేశాము.

పెద్దవాడు అడిగిన ప్రశ్నలకూ అతడే జవాబిచ్చాడు. టీవీ తెరలు తయారుచేసే సంస్థలు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. చైనాలో బీవోఈ, టీసీఎల్ అనుబంధ సంస్థ సీఎస్ఓటీ, తైవాన్‌లో ఏయూవో, ఇన్నోలక్స్, కొరియాలో ఎల్జీ డిస్‌ప్లే వంటివి. చాలా కంపెనీలు వాటి వద్ద తెర కొని తమ పేరు వేసుకుంటాయి. సోనీ ఓఎల్ఈడీ టీవీలలో ఎల్జీ డిస్‌ప్లే తెరలు వాడారు. 2022లో వచ్చిన ఒక సోనీ రకంలో శాంసంగ్ డిస్‌ప్లే తెర ఉంది. ఇది విని మా పెద్దవాడి ముఖంలో రంగు మారింది. ఏ పేరు కోసం తమ్మునితో మాట మానేశాడో, ఆ పేటిక లోపల తమ్ముడు చెప్పిన కంపెనీ తెరే ఉండవచ్చునన్నమాట.

అయితే కంపెనీల మధ్య తేడాలే లేవని కాదు. బొమ్మను సరిదిద్దే చిప్, శబ్దం, లోపలి సాఫ్ట్‌వేర్, సర్వీసు వేరువేరుగా ఉంటాయి. శాంసంగ్‌లో టైజెన్, ఎల్జీలో వెబ్‌ఓఎస్, సోనీ, టీసీఎల్, షావోమీల పలు రకాలలో గూగుల్ టీవీ పనిచేస్తాయి. కంపెనీ సాఫ్ట్‌వేర్ నవీకరణలు ఆపేస్తే, కొన్నేళ్లకు తెర బాగున్నా యాప్‌లు పనిచేయకపోవచ్చు. క్యూఎల్ఈడీ, ఓఎల్ఈడీ అనే పేర్లు ఒకేలా వినబడతాయి గానీ సాంకేతికత వేరు. మొదటిదానిలో తెర వెనుక నుంచి దీపాలు వెలుగునిస్తాయి. రెండవదానిలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది. ఎల్‌సీడీ తెరలలో ఐపీఎస్ రకం పక్కనుంచి చూసినా రంగు అంతగా మారదు. వీఏ రకంలో నలుపు చిక్కగా ఉంటుంది గానీ పక్కకు జరిగితే బొమ్మ పాలిపోతుంది. ఈ తేడాలు తెలుసుకోవడం మంచిదే. కానీ అవి ఎవరి కోసం అన్న ప్రశ్న ముందు రావాలి. మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

అప్పటికీ మేము పూర్తిగా మేల్కొనలేదు. మూలన బల్ల వద్ద కూర్చున్న ఫైనాన్సు ఉద్యోగి పిలిచి, పన్నెండు వాయిదాలలో చెల్లిస్తే 55 అంగుళాలది తీసుకోవచ్చునని, వడ్డీ ఒక్క రూపాయి కూడా లేదని చెప్పాడు. "వడ్డీ లేదంటున్నారు కదా, అబ్బా" అన్నాడు పెద్దవాడు. కలం మా చేతికి వచ్చింది. సంతకానికి ముందు కాగితం చదవడం అలవాటు కనుక చదివాము. అందులో వడ్డీ అనే గడి ఉంది, దాని ఎదుట అంకె ఉంది. జరిగేది ఇది: అప్పు ఇచ్చే సంస్థ వడ్డీ వేస్తుంది. అంత మొత్తాన్ని అమ్మేవారు ధరలో ముందే తగ్గిస్తారు. మొత్తం కూడితే టీవీ ధరే వస్తుంది గనుక 'నో కాస్ట్' అంటారు. క్రెడిట్ కార్డు వాయిదాలైతే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది, కొనేవారి మీదనే పడతాయి. వాయిదా తప్పితే జరిమానా వేరు. క్రెడిట్ కార్డులపై సున్నా శాతం వడ్డీ పథకాలలో వడ్డీని ఫీజు రూపంలో మరుగుపరుస్తున్నారని 2013లోనే రిజర్వు బ్యాంకు తప్పుపట్టింది.

అరువు బేరం నిషిద్ధం కాదు. దైవప్రవక్త (స) స్వయంగా తమ కవచాన్ని తాకట్టు పెట్టి ధాన్యం అరువు తీసుకున్నారు. నగదు ధర కంటే వాయిదా ధర కొంత ఎక్కువైనా, ఒకే ధరను బేరం నాడే ఖాయం చేసుకొని, ఆలస్యానికి వడ్డీ పెంచని షరతుతో దుకాణదారుడే అమ్మితే అది ధర్మసమ్మతమేనని అధిక సంఖ్యాక పండితుల అభిప్రాయం. ఇక్కడ మాత్రం వడ్డీ ఒప్పందం మీద మేము సంతకం చేస్తున్నాము. ఆ వడ్డీని మా తరఫున మరొకరు భరిస్తున్నారు. ఆ డబ్బు మా జేబులోంచి పోలేదన్న మాట రేపు అల్లాహ్ సన్నిధిలో మాకు సమాధానం కాజాలదు. కలం బల్లపై పెట్టి లేచాము. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నది మా నిగ్రహాన్ని చాటుకోవడానికి కాదు. ఎంత దగ్గరగా వెళ్లి వచ్చామో చెప్పడానికి.

ఏమీ కొనకుండా ఇంటికి వచ్చి, అమ్మీజాన్ మంచం వద్ద కూర్చున్నాము. ఆ వారం రోజులలో మొదటిసారిగా ఆమెను అడిగాము. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. "ఖారీ సాహెబు గొంతు తేటగా వినిపించాలి. కింద అక్షరాలు కనిపించాలి. నేను నొక్కవలసిన మీట ఒక్కటే ఉండాలి. మంచం మీద పక్కకు ఒరిగి చూస్తాను, బొమ్మ పోకూడదు" అన్నారు. కాసేపాగి, "చిన్నవాడు అన్నం తినడం లేదు. వాణ్ణి ముందు పిలవండి" అన్నారు.

ఆ రాత్రి పెద్దవాడే తమ్ముని గదికి వెళ్లాడు. లోపల ఏమి మాట్లాడుకున్నారో మేము అడగలేదు. మరునాడు ఇద్దరూ కలిసి దుకాణానికి వెళ్లారు. దాదీ చెప్పిన నాలుగు మాటలను కాగితంపై రాసుకొని వెళ్లారు. ఆ నాలుగూ చూసేసరికి గోడ మీది టీవీలలో మూడే మిగిలాయట. తెర కొలతకు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల దూరంలో కూర్చోవడం అనువు. 43 అంగుళాలకు అది సుమారు ఐదున్నర నుంచి తొమ్మిది అడుగులు. అమ్మీజాన్ మంచానికీ గోడకూ మధ్య ఏడు అడుగులు. కాబట్టి 43 అంగుళాలే సరిపోయింది. పక్కనుంచి చూసినా బొమ్మ మారనిది, స్పీకర్లు మెరుగైనది, ఊళ్లో సర్వీసు ఉన్నది ఎంచుకొని, నగదు చెల్లించి, ముప్పై వేలలోపే తెచ్చారు. అది సోనీ కాదు, శాంసంగ్ కాదు. ఏ కంపెనీదో ఇక్కడ రాయడం లేదు. రాస్తే పాఠకులు అదే కొంటారు. మీ ఇంటి మంచం ఎక్కడుందో, దానిపై ఎవరున్నారో మాకు తెలియదు.

ఇంటికి తెచ్చాక దాన్ని ఇంటి అమరికలో పెట్టి మూడు రోజులు పరీక్షించాము. 'అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు' అని బిల్లు కింద అచ్చువేసినంత మాత్రాన లోపమున్న వస్తువుపై కొనేవారి హక్కు పోదు. మన ఫిఖహ్‌లో దానికి 'ఖియారె ఐబ్' అని పేరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కూడా బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులలోపు లోపమున్న సరుకును తిరిగి తీసుకోవడానికి నిరాకరించడం అక్రమ వ్యాపార పద్ధతి. కనుక బిల్లు భద్రపరచండి.

చిన్నవాడు రిమోటు మీద తెల్లని టేపు అంటించి, అవసరమైన మీటను మాత్రం బయట ఉంచాడు. రమజాన్ మొదటి రాత్రి అమ్మీజాన్ పక్కకు ఒరిగి పారాయణం వింటుండగా, మనవలిద్దరూ మంచానికి చెరో వైపు నేల మీద కూర్చున్నారు. టీవీ అంచున ఉన్న కంపెనీ పేరును ఎవరైనా చూశారో లేదో మాకు తెలియదు.

ఈ సంవత్సరం క్రయవిక్రయాల అధ్యాయం చెప్పేటప్పుడు మేము ఒంటె దగ్గర ఆగలేదు. షోరూము గోడ దాకా, ఫైనాన్సు బల్ల దాకా పిల్లలను తీసుకువెళ్లాము. ఆ పాత విద్యార్థిని కూడా పిలిచాము. సెలవు రోజున వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు. పాఠం అయ్యాక, "అడగనివారికి కూడా చెప్పి చూస్తాను, ఉస్తాద్" అన్నాడు. అల్లాహ్ అతని ఉపాధిలో శుభం కలుగజేయుగాక. మన ఇళ్లలోకి వచ్చే ప్రతి వస్తువునూ కలహం నుంచి, వడ్డీ నుంచి, ఆడంబరం నుంచి కాపాడుగాక. ఆమీన్.