శబరి ఒడ్డు నుంచి నైరోబీ దాకా

ఖమ్మంలో తెల్లవారుజామున బస్సెక్కితే కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక కాగితం మిల్లు పొగగొట్టాలు కనిపించేసరికి ఎండ చురుక్కుమంటుంది. ఆ వెంటనే గోదావరి వంతెన, అవతల భద్రాచలం. చాలామంది ప్రయాణం అక్కడితో ముగుస్తుంది. పోయిన వేసవి సెలవుల్లో మేము నలుగురం అక్కడ టిఫిను చేసి, కూనవరం వెళ్లే బస్సు కోసం నిలబడ్డాము. నేను, మా తమ్ముడు, మరదలు, వాళ్ల అమ్మాయి.

ఈ ప్రయాణం ఆ అమ్మాయి కోసమే. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసింది. బడిలో పరుగు పందెం పెడితే దీని ముందు ఎవరూ నిలవరు. వాళ్ల వ్యాయామ ఉపాధ్యాయుడు క్రీడా హాస్టలుకి పేరు పంపిస్తానని ఒక దరఖాస్తు ఇంటికి పంపారు. అది రెండు వారాలుగా బీరువా మీదే ఉంది. మా తమ్ముడికి ఇష్టం లేదు. “ఆడపిల్లని ఇల్లు దాటించి పరుగెత్తించడానికి పంపాలా అన్నయ్యా? చదువు పోతుంది, కాలు విరిగితే పెళ్లి పోతుంది” అంటాడు. మరదలు ఏమీ అనదు. అమ్మాయి మాత్రం తన లెక్కల పుస్తకం అట్ట లోపల ఒక పత్రిక బొమ్మ అంటించుకుంది. కుంజా రజిత బొమ్మ అది. “పెదనాన్నా, ఆ అక్కది మన ఖమ్మం జిల్లాయేనట గదా, వాళ్ల ఊరివైపు తీసుకెళ్లవా?” అని అడిగింది.

మన జిల్లాయే అన్నది పాత లెక్క. భద్రాచలం ఊరి చివర దాటి ఎటపాకలోకి వచ్చామంటే రాష్ట్రమే మారిపోతుంది. పోలవరం ముంపు పేరుతో 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మొదలైన మండలాలను ఖమ్మం నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం ముందు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. మనుషులు మాత్రం ఇల్లు కదలలేదు. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, “మా ఊరు అక్కడే ఉంది బాబూ, బోర్డులే తిరుగుతున్నాయి” అన్నాడు.

నెల్లిపాక దాటాక రోడ్డుకి అటూ ఇటూ అడవి. అది తునికాకు కాలం. కోయగూడేల్లో ఇంటిల్లిపాదీ చీకటితోనే అడవికి వెళ్లి ఆకు కోసుకొస్తారు. యాభై ఆకులు ఒక కట్ట. కల్లంలో వరుసలుగా ఆరబెట్టిన కట్టలు బస్సులోంచి చూస్తే పచ్చటి చాపలు పరిచినట్టున్నాయి. పిల్లల చేతులు కూడా ఆ పనిలోనే ఉన్నాయి.

కూనవరంలో శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. వేసవిలో రెండూ సాధువుల్లా ఉంటాయి, నమ్మకూడదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగుల దగ్గర! 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు రాలేదు. వరద ఎత్తితే గోదావరి శబరిని వెనక్కి నెడుతుంది, ఊళ్లు మునుగుతాయి. టీ కొట్టు ఆమె తన తల కంటే ఎత్తున గోడ మీదున్న మట్టి చార చూపించింది. ప్రాజెక్టు పూర్తయితే ఈ ఊళ్లలో చాలా భాగం శాశ్వతంగా నీటి కిందికి వెళ్తాయి.

రజితది ఈ కూనవరం మండలంలోని రామచంద్రాపురం. ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వలస వచ్చిన గిరిజన కుటుంబం. తండ్రి చనిపోయాక తల్లి కట్టెలు అమ్మి పిల్లల్ని సాకిందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ పిల్ల హాస్టళ్లలో ఉండి చదువుకుంది, పరుగు నేర్చుకోవడానికి నెల్లూరు వెళ్లింది, తర్వాత హైదరాబాదులో నాగపురి రమేశ్ గారి దగ్గర చేరింది. 2016లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్న శిక్షకుడాయన. ముందుగా చెప్పకుండా ఒకరి గడప తొక్కడం మర్యాద కాదని మేము వాళ్ల ఊళ్లోకి వెళ్లలేదు.

2021 ఆగస్టులో కెన్యా రాజధాని నైరోబీలో ఇరవై ఏళ్లలోపు వారి ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. 1986లో ఏథెన్స్‌లో మొదలైన పోటీలివి. 2016లో నీరజ్ చోప్రా ఈటెను 86.48 మీటర్లు విసిరిందీ, 2018లో హిమా దాస్ 400 మీటర్లలో బంగారు పతకం తెచ్చిందీ వీటిలోనే. కోవిడ్ వల్ల నైరోబీ పోటీలు ఏడాది వాయిదా పడ్డాయి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా జట్లు రాలేదు, ఆ మాటా చెప్పుకోవాలి. మనకు మూడు పతకాలు వచ్చాయి: మిశ్రమ రిలేలో కాంస్యం, అమిత్ ఖత్రీకి నడకలో, శైలీ సింగ్‌కి లాంగ్ జంప్‌లో రజతాలు. తెలంగాణ అమ్మాయి అగసర నందిని కూడా హర్డిల్స్‌లో పాల్గొంది. ఆమే 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది.

రజిత పరుగెత్తింది ఆఖరి రోజు ఆగస్టు 22న, మహిళల నాలుగు నాలుగువందల రిలేలో. పాయల్ వోహ్రా, సమ్మీ, కుంజా రజిత, ప్రియా మోహన్ మన జట్టు. ఒక్కొక్కరు మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగి, 20 మీటర్ల గడిలోనే చేతి కర్రను తర్వాతి పిల్లకి అందించాలి. కర్ర బరువు యాభై గ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. జారిపోతే జారవిడిచిన పిల్లే తీసుకోవాలి. ఒకరి కాలు తడబడితే నలుగురి శ్రమా పోతుంది. నైజీరియా మొదట వచ్చింది, జమైకా రెండు, ఇటలీ మూడు. మనవాళ్లు 3 నిమిషాల 40.45 సెకన్లలో నాలుగో స్థానం. కాంస్యానికి మూడు సెకన్ల పైచిలుకు దూరం. నాలుగో స్థానానికి వేదిక మీద చోటుండదు. కట్టెల మోపులు మోసిన ఇంటి పిల్ల ప్రపంచంలో నాలుగో జట్టులో పరుగెత్తిందంటే నాకు మాత్రం అది పతకం కంటే తక్కువగా తోచలేదు.

సాయంత్రం శబరి ఇసుకలో మా అమ్మాయి చెప్పులు విప్పి పరుగెత్తింది. ఒడ్డున ఆడుకుంటున్న ఆరేడుగురు కోయ పిల్లలు కేకలు వేస్తూ వెంటపడ్డారు. ఖమ్మం బడిలో ఎవరికీ అందని మా పిల్లని, మోకాళ్ల దాకా గౌను వేసుకున్న ఒక పిల్ల, పదేళ్లుంటాయో లేదో, దాటేసి పోయింది. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. మావాడు నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

అమ్మాయి రొప్పుతూ వచ్చి, “నాన్నా, ఆ పిల్ల పేరు హాస్టలుకి ఎవరు పంపిస్తారు?” అంది.

జవాబు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. ఆ పిల్లని పేరు అడిగాము. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది, చెప్పలేదు. మరదలు సంచిలోని బిస్కెట్లు ఇస్తే అందరికీ పంచి తను ఆఖరున తీసుకుంది. టీ కొట్టు ఆమెని అడిగితే, “ఆకు కోతకొచ్చిన వాళ్లమ్మాయి, ఎక్కడి నుంచో” అంది.

తిరుగు బస్సులో చీకటి పడింది. భద్రాచలం దీపాలు కనిపించేదాకా తమ్ముడు మాట్లాడలేదు. వంతెన మీదికి వచ్చాక భార్య వైపు తిరిగి, “ఆ హాస్టల్లో ఆదివారం గుడికి పంపుతారేమో అడిగావా?” అన్నాడు.

“మీరు అడుగుతారని ఊరుకున్నాను” అంది మరదలు.

అమ్మాయి కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. అరికాళ్లకు ఇంకా శబరి ఇసుక ఉంది.