మూడు ఫేజులు, మూడు లాప్‌టాప్‌లు

కుబర్నెటిస్ నేర్చుకోవాలంటే ముందు క్లౌడ్‌లో ఖాతా తెరవమని ఏ వీడియో చూసినా చెప్తారు. తెరవొచ్చు. ఫ్రీ క్రెడిట్ అయిపోయాక కొన్ని పెద్ద కంపెనీల క్లౌడ్‌లో ఒక్క కంట్రోల్ ప్లేన్‌కే గంటకు 10 సెంట్లు. వినడానికి చిన్నదే. నెలంతా ఉంచితే 72 డాలర్లు, అంటే ఆరు వేల పైమాటే. మా హాస్టల్ మెస్ బిల్లు కంటే ఎక్కువ. దాని కింద పనిచేసే మిషన్ల అద్దె మళ్లీ వేరే.

అందుకే నా క్లస్టర్ చండ్రుగొండలో ఉంది, మా నాన్న మోటార్ వైండింగ్ షాపులో.

ఊరు తెలియనివాళ్లకు చెప్తా. 2016 దాకా మాది ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. ఒకపక్క పత్తి, మిర్చి చేలు, ఇంకోపక్క కనకగిరి గుట్టల అడవి. పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉన్నది మా జిల్లాలోనే. అయినా ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి, ఎక్కడో ఓ కొమ్మ విరిగి లైను మీద పడిందంటే, కరెంటు మళ్లీ ఎప్పుడొస్తదో లైన్‌మన్‌కి కూడా తెలవదు.

సికింద్రాబాద్ సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు మూడు. ఒకదానికి డిస్‌ప్లే పగిలింది, ఒకదానికి బ్యాటరీ పూర్తిగా పోయింది. మూడింట్లోనూ 8 జీబీ ర్యామ్. వాటిమీద కే త్రీ ఎస్ వేశా. ఇది కుబర్నెటిస్‌కే తేలిక రూపం, మొత్తం 100 ఎంబీ లోపు ఒక్క ఫైలు. లాప్‌టాప్ మూత వేసినా నిద్రపోకుండా సెట్టింగ్ మార్చి, మూడింటినీ ఒక చిన్న స్విచ్‌కి కలిపితే క్లస్టర్ తయారు.

అసలు ఇదేం చేస్తదని నాన్న అడిగాడు. చేతనైనట్టు చెప్పా. ఒక ప్రోగ్రాం ఎప్పుడూ నడుస్తుండాలని మనం రాసిపెడితే, అది ఆగిపోయినప్పుడల్లా ఇదే మళ్లీ మొదలెడతది, ఒక మిషన్ పోతే ఇంకో మిషన్ మీద లేపుతది అన్నా.

"అంటే ఆటో స్టార్టరే కదరా," అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే ఆ మాటలో చాలా ఉంది. మా దగ్గర రైతులు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్లు. కరెంటు రాత్రి ఏ టైముకొచ్చినా చేనుకు పోకుండానే మోటార్ తనంతట తానే తిరుగుతది. కష్టం ఎక్కడంటే, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తాయి. లేచేటప్పుడు ప్రతి మోటారూ మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతది. వోల్టేజీ పడిపోతది, మోటార్లు మూలుగుతూ వేడెక్కి కాలిపోతాయి. మర్నాడు మా షాపుకు బేరం. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టే ముందు ఆటో స్టార్టర్లు పీకేయండని ప్రభుత్వమే ఊరూరా చెప్పించింది. మోటార్లు ఆగకుండా తిరిగితే భూగర్భ జలాలూ పోతాయని ఇంకో భయం.

కుబర్నెటిస్ రాసినవాళ్లకూ ఇదే బాధ వచ్చుంటది. పదేపదే పడిపోతున్న పాడ్‌ని అది వెంటవెంటనే లేపదు. 10 సెకన్లు ఆగి ఒకసారి, తర్వాత 20, తర్వాత 40, అలా రెట్టింపవుతూ 5 నిమిషాల దాకా పోతది. తెరమీద క్రాష్ లూప్ బ్యాక్ ఆఫ్ అని కనిపించి మనల్ని భయపెట్టేది అదే. నాన్నకు చెప్తే "తెలివైన స్టార్టరే" అన్నాడు. (పాడ్ అంటే కాయ అని కూడా చెప్పా. అప్పట్నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "కాయలు ఎట్లున్నయ్ రా?" అని అడుగుతాడు.)

తర్వాత పెద్ద ప్రశ్న, ఎక్కడ పెట్టాలి. ఇల్లయితే చూసుకోవడం తేలిక. కానీ మూడు లాప్‌టాప్‌లు కలిపి దాదాపు 40 వాట్లు లాగుతాయి, నెలకు 29 యూనిట్లు. గృహజ్యోతి కింద మా ఇంటికి 200 యూనిట్ల లోపయితే సున్నా బిల్లు. 200 దాటితే దాటినంతకే కాదు, మొత్తానికీ కట్టాలి. ఎండాకాలం కూలర్ తిరిగే నెలల్లో మా అమ్మ మీటర్ ముందు నిలబడి లెక్క చూసుకుంటది. ఆ 29 యూనిట్లు ఇంట్లో ఇమడవు. షాపులో కమర్షియల్ రేటు, అక్కడ ఎలాగూ కట్టేదే. షాపులోనే పెట్టమన్నాడు నాన్న. ఆ డబ్బు ఆయనదే. ఇంతవరకు ఆ మాట ఎత్తలేదు.

షాపులో ఇంకో సౌకర్యం ఉంది. ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజు. షాపులో మోటార్లు టెస్ట్ చేయాలి కాబట్టి త్రీ ఫేజు. మా ఊళ్లో కరెంటు మొత్తం పోవడం ఒకరకం, ఒక ఫేజు మాత్రమే పోవడం ఇంకోరకం. ఫ్యూజు కాలితేనో, ఎక్కడో ఒక తీగ తెగితేనో ఒక వరస ఇళ్లు చీకట్లో ఉంటాయి, పక్క వరస వెలుగుతుంటది. నాన్న లాప్‌టాప్‌లకు మూడు వేర్వేరు సాకెట్లు బిగించాడు, ఎరుపు ఫేజుకొకటి, పసుపుకొకటి, నీలానికొకటి. మీరు మాత్రం ఇంట్లో ఇలా చేయకండి. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులుంటాయి, ఆ పని తెలిసినవాళ్లే చేయాలి.

ఈ అమరిక నాకెందుకు నచ్చిందంటే, క్లస్టర్ తన జ్ఞాపకాన్నంతా దాచుకునే ఈటీసీడీకి మెజారిటీ కావాలి. మూడింట్లో ఏ రెండు బతికున్నా అది పనిచేస్తది. పుస్తకాల్లో ఒక సర్వర్ పోతే మిగతావి చూసుకుంటాయని రాసినప్పుడు, సర్వర్లు ఒక్కొక్కటిగా పోతాయని ముందే అనుకుంటారు. ఒకే ఫేజు మీదుంటే మూడూ కలిసే పోతాయి, ఆ మెజారిటీ లెక్క కాగితం మీదే మిగులుతది. పెద్ద క్లౌడ్‌లలో దీనికి అవైలబిలిటీ జోన్లని పేరు పెట్టి, వేర్వేరు భవనాలు కడతారు. నాకు మూడు రంగుల తీగలున్నాయి.

మోటార్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటది. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందా, మోటార్ మిగతా రెండిటి మీదే తిరగాలని చూసి కాలిపోతది. అందుకే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెడతారు, అది మోటార్‌ని ఆపేసి కాపాడతది. ఈటీసీడీకి ఒకటి పోయినా ఫర్వాలేదు. రెండు పోతే మాత్రం అదీ ప్రివెంటర్ లాగే చేస్తది. మిగిలిన ఒక్కటీ తనే మొనగాణ్ణని కొత్తవేవీ రాసుకోదు, రాతలు ఆపేసి కూర్చుంటది.

ఇంతా చేసి ఈ క్లస్టర్ మీద నడిచేది నాన్న వైండింగ్ పుస్తకాలు.

కాలిన మోటార్ విప్పగానే పాత తీగ చుట్లు లెక్కపెట్టి, గేజ్ చూసి, అలాగే కొత్తది చుడతారు. కానీ అంతకుముందెవరో చుట్లు తగ్గించి చుట్టి ఉంటే ఆ లెక్కే తప్పు. అసలు లెక్కలు, ఏ కంపెనీ మోటార్‌కి ఎన్ని హెచ్‌పీకి ఎన్ని స్లాట్లు, ఎన్ని చుట్లు, ఏ గేజ్, ఎంత పిచ్ అన్నవి నాన్న ఇరవై ఏళ్లుగా పుస్తకాల్లో రాసుకున్నాడు. ఒకదానికి చెదలు పట్టి సగం పోయింది. ఆయన జ్ఞాపకంలో లేనివి ఆ సగంలో ఉన్నాయి.

ఇక్కడే కుబర్నెటిస్ మీద నాకున్న మోజు కాస్త తగ్గింది. కే త్రీ ఎస్ మామూలుగా డేటాని ఏ మిషన్ డిస్క్ మీద పెడితే అక్కడే ఉంచుతది. ఒక ఫేజు పోయి ఆ లాప్‌టాప్ ఆగితే, ముక్కాలు నిమిషానికి క్లస్టర్ గుర్తిస్తది, ఇంకో ఐదు నిమిషాలాగి పాడ్‌ని వేరేచోట లేపాలని చూస్తది. వెబ్ పేజీ లేస్తది. డేటాబేస్ లేవదు, దాని డిస్క్ చీకట్లో ఉంది కాబట్టి పెండింగ్ అని చూపిస్తది. డేటాని మూడుచోట్లా రాసే లాంగ్‌హార్న్ లాంటివి ఉన్నాయి గానీ, మా 8 జీబీ లాప్‌టాప్‌లకు అది బరువే. అందుకని రోజూ రాత్రి రెండింటికి డేటాబేస్ మొత్తం ఒక ఫైలుగా దింపి, మిగతా రెండు లాప్‌టాప్‌లకూ, హాస్టల్‌లో నా హార్డ్ డిస్క్‌కీ కాపీ చేయిస్తున్నా. నెలకోసారి ఆ ఫైలు తెరిచి డేటాబేస్ తిరిగి కట్టి చూస్తా. ఇందులో ఆర్కెస్ట్రేషన్ ఏమీ లేదు, మన సీనియర్లకు ముందు తరంవాళ్లు చేసిన పనే.

పోయిన మే నెలలో ఒకసారి ఊరంతటికీ కరెంటు లేదు. ఉన్న రెండు బ్యాటరీలూ అయిపోయాయి. తిరిగొచ్చాక రెండు నోడ్‌లు కలిశాయి, మూడోది కలవలేదు. సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటు కాదంటది. హాస్టల్ నుంచి ఎంత కొట్టుకున్నా అర్థం కాలేదు. చివరికి నాన్నని ఆ లాప్‌టాప్ తెర ఫోటో తీసి పంపమన్నా. తేదీ 2013 చూపిస్తోంది. బోర్డు మీది నాణెం సెల్ చచ్చిపోయి గడియారం వెనక్కి పోయింది. నాన్న సెంటర్‌లో ముప్పై రూపాయలకు సెల్ కొని, వెనక స్క్రూలు తనే విప్పి వేశాడు.

ఇప్పటికి రెండు పుస్తకాలు ఎక్కించాం. సెలవులకు పోయినప్పుడు నాన్న చదువుతాడు, నేను కొడతా. చెదలు తిన్న పుస్తకంలో మాత్రం సగం పేజీకి గేజ్ ఉంటది, చుట్లు ఉండవు. అలాంటి వరుసల్ని ఖాళీగా ఉంచా. ఆ రకం మోటార్ కాలి షాపుకొచ్చినప్పుడు, నాన్న విప్పి, లెక్కపెట్టి, ఫోన్ చేసి అంకె చెప్తాడు. పోయిన వారం రెండు వచ్చాయి.