చెట్టు మాది... పూలు పిన్నివి!

లైలాక్ పూల సంగతి మీకు తెలుసా? వసంతం రాగానే ఇంగ్లీషు నవలల్లో గుత్తులు గుత్తులుగా, లేత వూదా రంగులో పూస్తాయే, అవే! చదివీ చదివీ నాకు వాటిమీద మోజు పుట్టింది. 2019 వానాకాలంలో రాజమండ్రి నుంచి బస్సెక్కి కడియపులంక వెళ్లి, వొక నర్సరీలో దర్జాగా అడిగాను.

అక్కడి పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "అది చలిదేశాల మొక్క బాబూ! చలికాలమంతా గట్టి చలి తగిలితే గాని పూతకు రాదు. మన గోదావరి ఎండల్లో దాన్ని చంపుకోడానికా?" అంటూ పారిజాతం మొక్క నా చేతిలో పెట్టాడు.

హీరోయిన్ కోసం వెడితే, ఆమె చెల్లెలు ఎదురైనట్టుంది నా పని! తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది - అవి నిజంగానే చుట్టాలట. లైలాక్, పారిజాతం, మన మల్లె... అన్నీ ఒకే కుటుంబం!

పారిజాతం అనగానే సినీప్రియులకు 1966 నాటి "శ్రీకృష్ణ తులాభారం" గుర్తు రాకమానదు. రామారావుగారి కృష్ణుడు, అంజలీదేవిగారి రుక్మిణి, జమునగారి సత్యభామ! నేను పుట్టకముందే వచ్చిన ఆ చిత్రాన్ని టీవీలో నాయనమ్మ పక్కన కూర్చుని చూశాను. అయిపోయాక నాయనమ్మ అనేది: "కృష్ణుడు గడుసువాడ్రా! చెట్టు తెచ్చి సత్యభామ పెరట్లో నాటాడు. పూలు మాత్రం రుక్మిణి వాకిట్లో రాలేవిట!"

ఆ ముక్క మా యింట్లోనే నిజమవుతుందని ఎవరనుకున్నారు?

నాయనమ్మ పోయాక నాన్నా, బాబాయీ యిల్లు పంచుకున్నారు. 2018లో పెరటి మధ్య గోడ లేచింది. గోడతోపాటే అమ్మకీ పిన్నికీ మాటలు పోయాయి. కారణం అడక్కండి. నాయనమ్మ వాడిన వొక ఇత్తడి గుండిగ!

ఆ గోడ పక్కనే నా పారిజాతం నాటాను. ప్రేమ ఎక్కువై రోజూ చెంబులకొద్దీ నీళ్లు పోస్తే ఆకులు పసుపెక్కి రాలాయి. మళ్లీ పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. "నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోద్ది. మట్టి ఆరితేనే పొయ్యి" అన్నాడు. మట్టిలో యిసుక కలిపి, మొదలు ఎత్తుచేశాను. ఆపైన పెత్తనమంతా అమ్మ తీసుకుంది.

2021 వానల్లో మొగ్గ తొడిగింది. తెల్లటి రేకులు, నారింజరంగు కాడ. పొద్దుగూకాక విచ్చుకుని, తెల్లవారేసరికి జలజలా రాలిపోతాయి. అందుకే కాబోలు, దాని లాటిన్ పేరులో "విషాద వృక్షం" అనే అర్థం వుంది. నేలరాలిన పూలు పూజకు పనికిరావంటారు గాని, పారిజాతానికి మాత్రం ఆ పట్టింపు లేదు.

చిక్కల్లా ఒక్కటే. మా వైపు మామిడిచెట్టు నీడ. పారిజాతం వెలుతురు కోసం తూర్పుకి వొరిగింది. తూర్పున వున్నది పిన్ని పెరడు! మా వైపు పిడికెడు రాలితే, అటు చాపెడు రాలేవి.

అమ్మలో సత్యభామ నిద్ర లేచింది. "నీళ్లు పోసింది నేనూ, పూజలు ఆవిడవీనా? ఆ కొమ్మ కొట్టెయ్యరా!"

"పూత అయిపోయాక కత్తిరించాలమ్మా, అప్పుడే కొత్త చిగుళ్లకు బాగా పూస్తుంది" అన్నాను. వింటేనా!

మర్నాడు తెల్లవారుజామున కత్తి పుచ్చుకుని స్టూలెక్కాను. గోడమీంచి తొంగిచూద్దును గదా, పిన్ని చెట్టుకింద పాత నేతచీర పరిచి, రాలిన పూలు ఏరుతోంది. రెండు కుప్పలు పెట్టింది.

నా చేతిలో కత్తి చూసింది. ముఖం చిన్నబోయింది. "వానాకాలం గొంగళిపురుగులన్నీ మా వైపే దిగాయిరా. కొమ్మ కొట్టమని ఏనాడైనా అన్నానా?" అంది మెల్లగా. తర్వాత వొక కుప్ప సజ్జలోకెత్తి గోడమీంచి అందించింది. "ఇది అక్కయ్యకి. మోకాళ్ల నొప్పులటగా, వంగి ఏరుకోలేదు. పదిరోజులుగా ఎలా యివ్వాలో తెలీక, రెండో కుప్ప మా దేవుడికే పెడుతున్నా."

మీరు నమ్మరు గాని, ఆ కత్తి ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు!

అమ్మ సజ్జ తీసుకుంది. పల్లెత్తు మాటనలేదు. పూజలో ఆ పూట చాలాసేపు కూర్చుంది. సాయంత్రం సజ్జలో పది నిమ్మకాయలు పోసి నా చేతికిచ్చింది. "ఖాళీ సజ్జ తిప్పి యివ్వకూడదు, అందుకే! నేను పంపానని చెప్పకు."

నెల తిరక్కుండా ఆ నిమ్మకాయలే వూరగాయై గోడ దాటి వచ్చాయి. అమ్మ నాలిక్కి రాసుకుని చూసింది. గబగబా గోడ దగ్గరికి నడిచి, "ఏమే! ఉప్పు తక్కువేశావు, బూజు పడుతుంది!" అని కేకేసింది.

మూడేళ్ల తర్వాత అదే మొదటి మాట! అవతల్నించి పిన్ని, "వస్తున్నానక్కయ్యా!" అంది. గొంతు వణికింది.

గోడ యింకా అలాగే వుంది. గుండిగ సంగతి ఎవరూ ఎత్తరు. ఏటా పూత అయ్యాక చెట్టు కత్తిరిస్తాను గాని, తూర్పు కొమ్మ జోలికి మాత్రం పోను.

మీ పెరట్లో కాస్త ఎండ తగిలే చోటుంటే వొక పారిజాతం నాటండి. ఎవరితోనైనా మాటల్లేకపోతే... వాళ్ల గోడ పక్కనే నాటండి!