ఈలలతో సహా

సభలో రికార్డు చేసిన వాద్యబృంద సంగీతమంటే నాకు మక్కువ. కమాను తీగను తాకే గరగర, ఎవరిదో దగ్గు, చప్పట్లకు ముందు చిన్న తటపటాయింపు... జనం ఆ రచనను మొదటిసారి వింటున్నారని ఇట్టే తెలిసిపోతుంది.

1952లో ఢిల్లీ ఆకాశవాణిలో ‘వాద్యవృంద’ అనే వాద్యబృందం మొదలైంది. తర్వాత దాన్ని నడిపిన మన ఈమని శంకరశాస్త్రి కొత్త రచనలెన్నో చేశారు. కచేరీకి మనోధర్మమే ప్రాణం. వృందంలో మాత్రం రాసిన స్వరానికే అందరూ కట్టుబడాలి. స్వేచ్ఛకు అలవాటుపడ్డ చేతులకు అదెంత కష్టమో!

బెల్లంపల్లిలో ఈ రికార్డులు వింటుంటే మా ఉమ్మడి ఆదిలాబాద్ కిక్రి వాద్యం మనసులో మెదులుతుంది. గుర్రపు వెంట్రుకల మూడు తీగలను కమానుతో వాయిస్తూ ప్రధాన్ గాయకులు గోండుల వంశగాథలు పాడతారు. వయొలిన్ల నడుమ కిక్రికి చోటిచ్చే రచన ఒకటి రావాలి. దాన్ని మా సింగరేణి కార్మికుల ముందే వాయించి, వాళ్ల ఈలలతో సహా రికార్డు చేయాలి.