లాప్‌టాప్ కొనేముందు ఒక పెన్‌డ్రైవ్

మా అమ్మాయి బీటెక్‌లో చేరింది. లాప్‌టాప్ కావాలంది, అదీ లైనక్స్ నడిచేది. యాసంగి వడ్లు అమ్మిన డబ్బుల్లోంచి 35 వేలు పక్కన పెట్టాం. "అందరూ కొనేది కొనక మనకెందుకే ఈ ప్రయోగం?" అన్నారు మా ఆయన. ఆయన భయం ఆయనది. పనికిరాకపోతే మళ్లీ కొనే స్తోమత లేదు.

లైనక్స్‌ను 1991లో ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. విండోస్‌లా డబ్బు కట్టి కొనక్కర్లేదు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాళ్లు దాన్ని తెలుగులోకి కూడా తెచ్చారు. బి.ఎ. తెలుగు చదివినదాన్ని కదా, మెనూలు తెలుగులో కనిపిస్తాయనగానే నాకూ ఆశ పుట్టింది.

చిక్కల్లా లోపలి భాగాలతోనే. వైఫై చిప్, గ్రాఫిక్స్, వేలిముద్ర మీట, వీటికి డ్రైవర్లు అనే చిన్న ప్రోగ్రాములు కావాలి. చాలా కంపెనీలు వాటిని ముందు విండోస్ కోసమే రాస్తాయి. అందుకే నిన్నగాక మొన్న వచ్చిన మోడల్ కన్నా ఏడాది పాతది నయం. వైఫై ఇంటెల్‌దైతే ఇబ్బంది తక్కువ. ఉబుంటు వాళ్లు తాము పరీక్షించిన మోడళ్ల జాబితా కూడా పెడతారు.

ఇవన్నీ విన్నాక నేనొకటే అడిగాను. "కొనకముందే నడిపి చూడొచ్చా, బిడ్డా?"

చూడొచ్చట! పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ ఎక్కించి, దాంతోనే లాప్‌టాప్ ఆన్ చేస్తే చాలు. లోపల ఏమీ మారదు.

మిర్యాలగూడలో మొదటి షాపులో ముట్టుకోనివ్వలేదు. రెండో షాపతను "డెమో పీసు మీద చూసుకోండక్కా" అన్నాడు. ఒక మోడల్‌లో వైఫై అసలు కనబడలేదు. ఇంకోదాంట్లో వైఫై, సౌండు, కెమెరా, టచ్‌ప్యాడ్ అన్నీ పనిచేశాయి. మూత మూసి తెరిస్తే మళ్లీ లేచింది కూడా. వేలిముద్ర మాత్రం పట్టలేదు. పాస్‌వర్డ్ కొట్టుకుంటానంది అమ్మాయి. అదే మోడల్ తీసుకున్నాం.

కొనుగోలు సెంటర్లో తేమ 17 శాతం దాటిందంటే మన వడ్లు కాంటా ఎక్కించరు. అంత పరీక్షకు నిలబడి తెచ్చుకున్న డబ్బును డబ్బా మీది బొమ్మ చూసి ఎట్లా ఇచ్చేస్తాం? మీ పిల్లలూ లైనక్స్ అంటే కంగారుపడకండి. షాపుకు పోయేటప్పుడు పెన్‌డ్రైవ్ ఒకటి సంచిలో వేసుకోండి. ముట్టనివ్వని షాపు దాటి ఇంకో షాపుకు పోండి.